మసిబారిన కుండ బొమ్మ వేయడం ఎలా

కొత్త కుండ కొనుక్కొచ్చి బొమ్మ మొదలుపెట్టకండి. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నేను ఆ పొరపాటుతోనే ఒక ఏడాది పోగొట్టుకున్నాను. బెంగళూరు పాటరీ టౌన్‌కి పోయి ఎర్రగా నిగనిగలాడే మూడు కుండలు ఏరుకొచ్చి, వెనకాల పట్టుపంచె వేలాడదీసి, పక్కన ఓ దబ్బపండు కూడా పెట్టాను. బొమ్మ పూర్తయ్యాక చూస్తే మొక్కలమ్మే నర్సరీ కరపత్రంలా ఉంది. గీత తప్పలేదు, రంగు తప్పలేదు. ఆ కుండల్లో ఇంకా ఎవరూ ఏమీ వండలేదు, అంతే.

ఆ తర్వాత సంక్రాంతికి మదనపల్లె దగ్గర మా ఊరికి పోయినప్పుడు అవ్వ పాలకుండ కంటబడింది. పశువుల కొట్టంలో ఓ మూల బోర్లించి ఉంది. దాలిలో పిడకల సెగ మీద ఏళ్ల తరబడి పాలు కాగిన కుండ. అడుగంతా మసి. మసి ఆగినచోట బూడిదరంగు, దాని పైన ఇటుకరంగు. భుజం మీద ఎప్పుడో పాలు పొంగి కారిన చార ఎండి గోధుమరంగుకి తిరిగింది. మెడ చుట్టూ ఉట్టి తాడు ఒరుసుకొని నున్నబడింది. మూతి అంచున వేలిగోరంత పెచ్చు ఊడి లోపలి మట్టి కనబడుతోంది. బొమ్మ వేయాల్సింది ఇలాంటిదాన్ని అని అప్పుడు తెలిసింది. మీకు ఆ ఏడాది మిగిలితే చాలని ఇది రాస్తున్నా.

కుండ సంపాదించడం

బెంగళూరు ఫ్లాట్‌లో మసి పుట్టదు. గ్యాస్ మంట నీలంగా మండుతుంది. కట్టెలూ పిడకలూ పట్టించే మసి దానివల్ల పట్టదు. కాబట్టి మసికుండ ఊరి నుంచే రావాలి. ఇక్కడున్న తెలుగువాళ్లలో చాలామందికి ఊరంటే ఒక రాత్రి బస్సు దూరమే. కుండలో పాత చీరలు కుక్కండి, బయట ఇంకో చీర చుట్టండి, మూతిని పైకి పెట్టి ఒళ్లో పెట్టుకు కూర్చోండి. డిక్కీలో వేయొద్దు. కండక్టరు ఏమైనా అంటే పెరుగని చెప్పండి.

ఊరు లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. మంచినీళ్ల కుండ బెంగళూరులోనే ముసలిదవుతుంది, అదీ చాలా తొందరగా. కాల్చిన మట్టికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి. నీళ్లు వాటిలోంచి బయటికి ఊరి ఆవిరవుతాయి, కుండ చల్లబడేది అందుకే. నీళ్లయితే పోతాయి గాని, వాటిలోని ఉప్పులు పోవు. కుండ ఒంటి మీద తెల్లగా పూస్తాయి. కావేరి నీళ్లు పోసే ఇంట్లో ఆ పూత పల్చగా, బియ్యం కడుగు ఆరినట్టు ఉంటుంది. బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లూ పోసే ఇంట్లో సున్నం కొట్టినట్టు పొరలు కడుతుంది. నగరానికి బయటి లేఔట్లలో ఉండేవాళ్లు బోరు నీళ్ల గురించి రోజూ తిట్టుకుంటారు గాని, బొమ్మలేసేవాడికి ఇంతకంటే మంచి నీళ్లు లేవు. కొత్త కుండ కొని మూడు నెలలు వాడండి, కాగితం తీయడం ఆ తర్వాతే.

కొనడానికైతే కంటోన్మెంట్ స్టేషన్‌కి దగ్గర్లో, బెన్సన్ టౌన్ పక్కనున్న పాటరీ టౌన్‌కి పోవచ్చు. వినాయక చవితి ముందు పోతే విగ్రహాల మధ్య కాలు పెట్టడానికి చోటుండదు, ఆ నెల మానుకోండి. రంగులు పూసినవీ, వార్లీ బొమ్మలు వేసినవీ వద్దు. బొమ్మ మీద బొమ్మ వేయడమవుతుంది. కొంచెం వంకరగా వచ్చి పక్కన పెట్టిన కుండలున్నాయేమో అడగండి. నేనడిగితే అమ్మే ఆమె ఎగాదిగా చూసింది, “మంచివే తీసుకోండి సార్, అదే రేటుకిస్తా” అంది. వంకరదే తీసుకున్నా.

ఒకటి చాలు. మహా అయితే మూడు, అంతకు మించొద్దు.

కుండ బొమ్మేంది అని ఎవరైనా అంటే

అంటారు. మా ఇంట్లోనే అన్నారు. మన క్యాలెండర్ బొమ్మల్లో కుండ ఎప్పుడూ ఎవరో ఒకావిడ నడుము మీదో నెత్తి మీదో ఉంటుంది. ఆవిడ లేకుండా కుండ ఒక్కటే కనబడదు. పాశ్చాత్యులకీ ఈ చిన్నచూపు ఉండేది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రాజుగారి అకాడమీ బొమ్మలకి వరసలు కట్టి, పురాణాలూ చరిత్రా వేసేవాళ్లని పైన, పండ్లూ పాత్రలూ వేసేవాళ్లని అట్టడుగున కూర్చోబెట్టింది. అయినా ఆ అట్టడుగు వరస నుంచే షార్డాన్ వచ్చాడు. 1699లో పుట్టినవాడు. వంటింటి రాగి నీళ్లతొట్టిని ఒక మనిషికి పటం కట్టినంత శ్రద్ధగా వేశాడు. స్పెయిన్‌లో జుర్బరాన్ 1650 ప్రాంతంలో నాలుగు పాత్రలని ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి వేశాడు. అంతే ఆ బొమ్మలో ఉన్నది. ఇప్పుడది మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వెలాస్కెజ్ వేసిన నీళ్లమ్మేవాడి బొమ్మ, 1620 ప్రాంతానిది. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లుంటాయేమో. బొమ్మకి ముందు భాగంలో పెద్ద మట్టికూజా, దాని ఒంటి మీద ఊరి జారుతున్న నీటిబొట్లు. కుండలో నీళ్లు నింపి వేసవిలో ఓ గంట దాని ముందు కూర్చున్నవాళ్లకి ఆ బొట్లు ఎంత నిజమో తెలుస్తుంది.

నేల మీద పెట్టండి

డ్రాయింగ్ పుస్తకాలన్నీ కుండని బల్ల మీద పెట్టమంటాయి. బల్ల మన కుండది కాదు. మన ఇళ్లలో కుండ నేల మీద, కుదురులో ఉంటుంది, మనం పైనుంచి వంగి చూస్తాం. అడుగు గుండ్రంగా ఉన్న కుండని బల్ల మీద నిలబెట్టడానికి అడుగున పుస్తకాలో ఉండచుట్టిన గుడ్డలో దూర్చాల్సొస్తుంది, ఆ అవస్థంతా బొమ్మలో కనబడుతుంది. పాత గోనెసంచి నేల మీద పరచండి. చీరముక్క మెలిపెట్టి చుట్టకుదురు చేసి దాంట్లో కుండని కూర్చోబెట్టండి. మీరూ నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చోండి.

దీనివల్ల బొమ్మే మారిపోతుంది. కుర్చీలో కూర్చుని బల్ల మీది కుండని చూస్తే మూతి సన్నటి చీలికలా కనబడుతుంది. వెడల్పు పది పాళ్లైతే ఎత్తు ఒకటిన్నర పాలు. అదే కుండని నేల మీద పెట్టి నేలనే కూర్చుంటే పదికి నాలుగు పాళ్ల దాకా తెరుచుకుంటుంది. లోపలి చీకటి కనబడుతుంది, నీళ్లుంటే నీళ్లూ కనబడతాయి. పొట్ట ముందుకొచ్చి అడుగుని కప్పేస్తుంది. కుండ మీవైపు తలెత్తి చూస్తున్నట్టుంటుంది.

గోనెసంచి ఎందుకంటే, ఇప్పటి ఫ్లాట్లలో నేలంతా మెరిసే తెల్ల టైల్స్. వాటి మీద పడ్డ వెలుతురు ఎగిరి కుండ నీడలోకి దూరి, నీడని పాలిపోయేట్టు చేస్తుంది. మల్లేశ్వరంలోనో బసవనగుడిలోనో పాత ఇంట్లో ఉంటూ, నేల ఎర్ర సిమెంటుదైతే మాత్రం ఏమీ పరచకండి. ఆ ఎరుపు కుండ కింది పొట్ట మీద తేలి, నీడలో కూడా నిప్పు ఉన్నట్టుంటుంది.

వెలుతురు ఒక్క కిటికీ నుంచే రావాలి. ట్యూబులైటు ఆర్పేయండి. పుస్తకాల్లో ఉత్తరపు కిటికీ మంచిదని రాస్తారు, ఎండ నేరుగా పడదని. ఆ మాట యూరప్‌కి సరిపోతుంది. బెంగళూరుకి సగం ఏడాదే. ఇక్కడ ఏప్రిల్ 24 ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో. నీడ మాయమయ్యే రోజంటూ బడిపిల్లలు మేడల మీద సీసాలు నిలబెట్టి చూస్తారే, అవే. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు. మే, జూన్‌లలో ఉత్తరపు కిటికీలోంచే ఎండ వచ్చి కుండ మీద కూర్చుంటుంది, పది నిమిషాలకోసారి జరుగుతుంది. ఆ నెలల్లో దక్షిణపు కిటికీకి మారండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరపు కిటికీ, పొద్దున పదింటి నుంచి పన్నెండింటి దాకా. కుండ బొమ్మకి ఈ ఊళ్లో అంతకంటే మంచి వేళ లేదు.

గీసే ముందు తడమండి

పెన్సిల్ ముట్టుకోకముందు కుండని ఒళ్లోకి తీసుకుని కళ్లు మూసుకొని చేతులతో తిప్పండి. మెడ దగ్గర వేళ్లకి సన్నటి గీతలు తగులుతాయి, గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి. అవి సారె తిరుగుతున్నప్పుడు కుమ్మరి వేళ్లు వదిలినవి. కిందికి జారుతుంటే గీతలు ఆగిపోయి, అరచేతికి చదునైన చిన్నచిన్న పలకలు తగులుతాయి. మన కుండ మొత్తం సారె మీద పుట్టదు. మూతీ మెడా సారె మీద తీసి, కొంచెం ఆరాక లోపల రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టి తట్టి పొట్ట పెంచుతారు, అడుగు మూస్తారు. గుండ్రటి అడుగు వచ్చేది అలాగే. ఆ దెబ్బల ఆనవాళ్లే ఆ పలకలు.

బొమ్మకి ఇది చాలా అవసరం. మెడ మీద వెలుతురు చుట్టూ జారుతుంది. పొట్ట మీద అలా జారదు. పలక పలకకీ ఆగి, కొంచెం విరిగి, ముందుకి పోతుంది. ఇది తెలియనివాళ్లు పొట్టని బెలూన్‌లా నున్నగా వేస్తారు. ఎదురుగా కుండ ఉన్నా కనబడదు. తడిమితేనే కనబడుతుంది.

గీత

హెచ్‌బీ పెన్సిల్, ఎ3 కాగితం. మధ్యలో పల్చగా ఒక నిలువు గీత. చెయ్యి బార్లా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ కుండ వెడల్పెంతో, ఎత్తెంతో కొలవండి. మోచెయ్యి వంచారంటే కొలత మారుతుంది. కొత్తగా వేసేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది కుండని నిజానికంటే పొడుగ్గా గీస్తారు. బిందె గుర్తొస్తుందో ఏమో. కొలిచి చూస్తే మన కుండ ఎత్తెంతో వెడల్పూ ఇంచుమించు అంతే, ఒక్కోసారి ఎక్కువే.

ఇక మూతి. గుండ్రటి మూతి పక్కనుంచి చూస్తే నొక్కిన గుండ్రంలా ఉంటుంది, డ్రాయింగ్ మాస్టర్లు ఎలిప్స్ అంటారు. దీని చివర్లు ఎప్పుడూ కోసుగా ఉండవు. చేపలా కోసుగా వచ్చిందంటే చెరిపేయండి. చెయ్యి గాల్లో నాలుగైదు సార్లు తిప్పి, ఆ ఊపులోనే పెన్సిల్ ఆనించండి. మణికట్టు కాదు, భుజం తిరగాలి. ముగ్గులేసే ఆడవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మా అక్క మొదటిసారే నాకంటే బాగా వేసింది.

మూతికి మందం ఉంటుంది కాబట్టి ఎలిప్స్‌లు రెండు, ఒకదాంట్లో ఒకటి. రెండిటి మధ్య సందు అంతటా ఒకేలా వేస్తే సైకిల్ టైరవుతుంది. పక్కల వెడల్పుగా, ముందూ వెనకా సన్నగా ఉండాలి.

సగం కుండ గీశాక కాగితాన్ని తలకిందులు చేసి చూడండి, వంకరంతా బయటపడుతుంది. ముందు రెండు పక్కలూ సమంగా సరిచేయండి. ఆ తర్వాత మీ కుండకి నిజంగా ఉన్న వంకరని దానికి తిరిగివ్వండి. ఈ వరస ముఖ్యం. మొదటే వంకరగా గీస్తే అది మీ చేతి వంకరలా ఉంటుంది. సరిచేసి ఇచ్చింది కుమ్మరి చేతి వంకరలా ఉంటుంది.

నీడలు తేలిగ్గా గుర్తుపెట్టండి. ఒక సంగతి చాలామంది తప్పుతారు: కిటికీ ఎడమవైపు ఉంటే కుండ బయట ఎడమవైపు వెలుతురు, కాని మూతి లోపల కుడిగోడకి వెలుతురు. లోపలంతా ఒకే నలుపు పూసేస్తే కుండకి రంధ్రం పడ్డట్టుంటుంది. లోతు రావాలంటే ఆ కుడిగోడ వెలగాలి.

రంగు

నీటిరంగులే తీసుకోండి. ఆయిల్ రంగులు కుండకి మెరుపు తెస్తాయి, మట్టికి మెరుపు లేదు. కాగితం 300 జీఎస్‌ఎం ఉండాలి, పల్చటిదైతే తడికి అప్పడంలా లేస్తుంది. అవెన్యూ రోడ్‌లో దొరుకుతుంది, తిరగాలి కొంచెం. బ్రష్షులు గుండ్రటివి రెండు, 10 నంబరూ 4 నంబరూ, ఇంకా జుట్టు ఊడిపోతున్న పాతది ఒకటి. ట్యూబులు మూడే: యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామెరైన్ నీలం. కేమెల్ కంపెనీవి సరిపోతాయి. నల్లరంగు ట్యూబు కొనొద్దు. ఉన్నా, ఇంకో గదిలో పెట్టండి.

మొదటి పూత ఓకర్, బాగా నీళ్లతో, కుండంతా ఒకేసారి. వెలుతురు గట్టిగా పడేచోటా, తెల్లగా ఉప్పు పూసినచోటా కాగితాన్ని అలాగే వదిలేయండి. పూర్తిగా ఆరనివ్వండి. బెంగళూరు వానాకాలంలో ఇదే పెద్ద పరీక్ష, అరగంటకీ చెమ్మ పోదు. వేలి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదు. ఆగలేక రెండోది వేస్తే రెండూ కలిసి బురదవుతాయి.

రెండో పూత సియెన్నా. వెలుతురు వైపు పల్చగా, నీడ వైపు చిక్కగా. నీళ్లకుండైతే ఇక్కడ ఓ గమ్మత్తు చూడండి: లోపల నీళ్లు ఎంతవరకున్నాయో బయట మట్టి అంతవరకూ ముదురుగా ఉంటుంది, దానిపైన పాలిపోయి ఉంటుంది. రెండిటి మధ్య గీత గట్టిగా ఉండదు, ముగ్గుపిండి మీద నీళ్లు పడ్డట్టు అల్లుకుని ఉంటుంది. ఆ అంచుని తడికాగితం మీదే వేయాలి. ఆ ఒక్క అంచు కుదిరితే కుండలో నీళ్లున్నాయని చూసేవాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది.

మూడో పూత నీడ. సియెన్నాలో నీలం కలపండి. నీలం కొంచెమైతే పండిన గోధుమరంగు, సమంగా కలిస్తే బూడిద, నీలం ఎక్కువైతే చల్లటి నలుపు. మసి అంతా ఈ కలయికలోనే ఉంది. మసిని నల్లగా చూడటం మానేయండి. అవ్వ కుండ అడుగుని వెలుతురులో పెట్టి చూస్తే ఒకచోట నీలం, ఒకచోట ఎర్రటి గోధుమ, మంట గట్టిగా తగిలి మసి కూడా కాలిపోయినచోట పాలిపోయిన బూడిద. పాత బ్రష్షుని ఈ రంగులో ముంచి, గుడ్డకి అద్ది, దాదాపు పొడిగా అయ్యాక కాగితం మీద రుద్దితే మసి దానంతటదే పడుతుంది.

పాల చార చివర్లో, ఒక్క దెబ్బలో. రెండోసారి దిద్దొద్దు. నేను దిద్దిన ప్రతిసారీ అది పగులులా కనబడింది.

కుండ రంగు కుండతోనే

ఇది చేసి తీరాలని కాదు. చేస్తే మాత్రం మానలేరు.

ఓకర్, సియెన్నా అనేవి ఇనుము కలిసిన మట్టి రంగులే. పసుపుమట్టిని కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. బర్న్ట్, అంటే కాల్చిన, అనే మాట అక్కడిదే. కుమ్మరి ఆవంలో కుండకి జరిగేదీ అదే. కాబట్టి పగిలిన కుండపెంకుతో రంగు చేసుకోవచ్చు. పెంకుని గుడ్డలో చుట్టి సుత్తితో చితక్కొట్టి, రోట్లో మెత్తగా నూరండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పొడిని గ్లాసెడు నీళ్లలో కలిపి, ఒక నిమిషం ఆగి, పైన తేలుతున్న ఎర్రనీళ్లని ఇంకో గ్లాసులోకి వంచండి. గరుకంతా అడుగున ఉండిపోతుంది, దాన్ని మొక్కల్లో పారేయండి. ఎర్రనీళ్లని రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మీగడలాంటి మట్టి పేరుకుంటుంది. పైనీళ్లు తీసేసి ఆరబెట్టండి.

దీన్ని కాగితానికి పట్టించేది తుమ్మబంక. ఒక పాలు బంకకి రెండు పాళ్లు వేడినీళ్లు, రాత్రి నానేసి వడకట్టి, రెండు చుక్కలు తేనె, బూజు పట్టకుండా ఒక లవంగం. బంక కోసం గ్రంథిగె అంగడికి, అంటే మూలికలూ పూజ సామానూ అమ్మే కొట్టుకి, పోయినప్పుడు జాగ్రత్త. “గోందు” అని అడిగితే నాకు ఒకసారి బాదం బంక ఇచ్చారు. అది కరగదు, నీళ్లలో ఉబ్బి జెల్లీ అవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పాలల్లో వేసుకుని తాగేశారు. మట్టిపొడిలో కొద్దికొద్దిగా బంకనీళ్లు కలుపుతూ, గాజుపలక మీద గ్లాసు అడుగుతో గుండ్రంగా నూరండి, వేలికి ఇసక తగలనంత వరకు. పాత కొబ్బరినూనె మూతలో నింపి ఆరబెడితే అదే మీ రంగుబిళ్ల.

మసినీ గీరి ఇలాగే కలపొచ్చు. కాని మసికి జిడ్డుంటుంది, నీళ్ల మీద తేలుతుంది, ఎంత కలిపినా కలవదు. ముందు సర్జికల్ స్పిరిట్ రెండు చుక్కలు వేసి తడిపితే మాట వింటుంది.

ముట్టనివ్వకండి

బొమ్మకి వారమైనా పడుతుంది. ఆ వారం కుండ కదలకూడదు. కుదురు చుట్టూ, మీ పీట చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. ఇటలీలో మొరాండీ అనే ఆయన (1890–1964) బొలోన్యా ఊళ్లో ఒక చిన్న గదిలో దాదాపు జీవితమంతా సీసాలూ కూజాలూ గిన్నెలే వేశాడు. ఆ గదిలో పాత్రల మీద దుమ్ము పొరలు పొరలుగా ఉండేదని చూసినవాళ్లు రాశారు. ఆ దుమ్ము ఆయన బొమ్మల్లోకి కూడా వచ్చింది, రంగులన్నీ ఒక పల్చటి బూడిద కిందినుంచి చూస్తున్నట్టుంటాయి.

మొరాండీ ఇంట్లో ఆయన చెల్లెళ్లు ఉండేవాళ్లు. మా ఇంటికి అమ్మ వచ్చింది. సగం బొమ్మ అయ్యాక నేను ఆఫీసుకి పోయి సాయంత్రం తిరిగొస్తే అవ్వ పాలకుండ వంటింటి గట్టు మీద తళతళలాడుతోంది. కొబ్బరిపీచూ బూడిదా పెట్టి తోమేసింది. “మసికుండని ఎవురన్నా హాల్లో పెట్టుకుంటారా నాయనా? నలుగురొచ్చే ఇల్లు. చూడు ఇప్పుడెంత బాగుందో.” ఏమనాలి? ముప్పై ఏళ్ల మసి. మిగతా సగం ఫోన్లోని ఫోటో చూసి వేశాను. అది ఒప్పుకోదగ్గ పని కాదు: ఫోన్ కెమెరా నీడలన్నిటినీ ఒకే నలుపు చేస్తుంది, ఎరుపుని నారింజ చేస్తుంది. బొమ్మలో ఎడమ సగం బతికుంది, కుడి సగం అచ్చేసినట్టుంది. నేను చెప్పకపోయినా ఎవరైనా గుర్తుపడతారు.

అందుకే రోజూ పని ఆపేముందు ఫోటో తీయండి, రంగు కోసం కాదు, గీత కోసం. రంగుల్ని ఆ రోజే కాగితం ముక్క మీద పూసి, ఏ భాగందో పక్కన రాసి పెట్టుకోండి. కుండ పక్కన “ముట్టొద్దు” అని చీటీ కూడా పెట్టండి. అమ్మ చదవలేదనుకోండి, అయినా పెట్టండి.

జాడీ వేరు

ఆవకాయ జాడీకి పైవన్నీ పనికిరావు. దానికి పింగాణీ పూత ఉంటుంది, వెలుతురుని పీల్చదు, తిప్పికొడుతుంది. దాని భుజం మీద మీ కిటికీ మొత్తం కనబడుతుంది, ఊచలతో సహా, వంగిపోయి. ఆ తెల్లని ఆకారాన్ని పెన్సిల్‌తో ముందే గీసి, కాగితాన్ని పూర్తిగా వదిలేయాలి, అంచులు గట్టిగా ఉండాలి. కుండ మీద ఎక్కడా అంత గట్టి అంచు రాకూడదు. కుండనీ జాడీనీ పక్కపక్కన పెట్టి వేస్తే రెండూ ఒకదాన్నొకటి చూపిస్తాయి, కాని అది మూడో నాలుగో బొమ్మ సంగతి.

పోయి చూడాల్సినవి

కస్తూర్బా రోడ్డు మీది ప్రభుత్వ మ్యూజియం 1865లో పెట్టింది. చిత్రదుర్గం దగ్గరి చంద్రవల్లి తవ్వకాల్లో దొరికిన వస్తువులు ఉన్నాయక్కడ. తెరిచి ఉందో లేదో కనుక్కుని పోండి. దక్షిణాదిన పాత సమాధుల్లో దొరికే కుండలు ఎక్కడ కనబడ్డా ఆగి చూడండి, లోపలా మూతి దగ్గరా నలుపు, కింద ఎరుపు ఉంటాయి. బోర్లించి కాల్చడంవల్ల మూతి వైపు గాలి ఆడక అలా వచ్చిందని చెబుతారు. సియెన్నా నుంచి నీలం కలిపిన నలుపులోకి జారడం సాధన చేయాలంటే అంతకంటే మంచి నమూనా దొరకదు. అదే రోడ్డులో చిత్రకారుడు వెంకటప్ప పేరిట పెట్టిన గ్యాలరీ ఉంది. ఆయన ఊటీ కొండల నీటిరంగు బొమ్మల్లో కుండలు ఉండవు గాని, పల్చటి పూత మీద పల్చటి పూత ఎలా ఆరబెట్టాలో పొగమంచుని చూస్తే తెలుస్తుంది. జనవరిలో చిత్రకళా పరిషత్ వాళ్ల చిత్రసంతె రోజు కుమారకృపా రోడ్డంతా నడవండి. ఎన్ని బుద్ధుళ్లూ ఎన్ని గుర్రాలూ ఉంటాయో, కుండలు ఎన్నో లెక్కపెట్టండి.

అమ్మ తోమిన పాలకుండలో ఇప్పుడు మా ఇంట్లో పెరుగు తోడేస్తున్నాం. మొన్న చూస్తే భుజం మీద కొత్త చార ఒకటి మొదలైంది, గోరంత. దీన్ని తోమొద్దని ముందే చెప్పాను. “చూద్దాంలే” అంది.